ట్రోపేయకు వెనకదారి

మొన్న పొద్దున్నే ఫోనుకి ఒక ఫొటో వచ్చింది. గోడకి అంటించిన కాగితం. చుట్టూ నల్ల అంచు, పైన సిలువ, మధ్యలో పెద్ద అక్షరాల్లో ఒక పేరు. దక్షిణ ఇటలీలో మనిషి పోతే ఊరికి కబురు తెలిసేది ఇలాగే. పోయినవారి పేరు, భార్యాబిడ్డల పేర్లు, ఏ చర్చిలో ఎన్ని గంటలకు అన్నదీ అచ్చువేసి వీధి మలుపుల్లో అంటిస్తారు. బజారుకి వెళ్ళేవాళ్ళు సంచీ కిందపెట్టి, కళ్ళజోడు సర్దుకుని చదివి, సిలువ గీసుకుని ముందుకి పోతారు. నేనూ పేరు చదివాను గానీ ఎవరో పోల్చుకోలేకపోయాను. ఆయన అసలు పేరు నాకు తెలిస్తే కదా! ఓడరేవులో అందరికీ ఆయన మాస్త్రో, అంటే మేస్త్రి. ఫొటో కింద కొడుకు రాసిన రెండు ముక్కలు చూశాకే పోయింది మా మాస్త్రో అని తెలిసింది.

దక్షిణ ఇటలీలోని ట్రోపేయ అనే ఊరు ఎవరైనా ఫొటోల్లో చూసే ఉంటారు. నిట్టనిలువు కొండకొమ్మున, అంచుకి ఒక్క అడుగు కూడా వదలకుండా కట్టిన ఇళ్ళు. కింద తెల్లటి ఇసుక, ఎదురుగా ఒక బండమీద చర్చి. ఆ ఫొటో తీసేవాళ్ళంతా సముద్రంవైపు నుంచి తీస్తారు. నాకు ఆ ఊరు వెనకవైపు నుంచి తెలుసు. అది మాస్త్రో పుణ్యం.

నేను విశాఖ వాణ్ణి. ఓడ ఇంజన్ గదిలో కొన్నేళ్ళు పనిచేసి, ఇక నేలమీద ఉందామనుకుని ఇటలీ దక్షిణపు కొసనున్న కలాబ్రియాలోని జోయా తౌరో ఓడరేవులో మరమ్మతుల పనికి చేరాను. ఇటలీలో ఇంకా లీరాలు నడుస్తున్న కాలం. కాఫీకి వెయ్యి లీరాల నోటు పైన ఇంకాస్త చిల్లర ఇవ్వాలి. జీతం లక్షల్లో కనబడేది, మా అమ్మకి ఫోనులో చెప్తే ఆవిడ గాబరాపడేది. ఆ ఫోనుకి ఒక కార్డు ఉండేది. మూల తుంచి పబ్లిక్ ఫోనులో పెడితే డబ్బు తరుగుతూ తెరమీద కనిపిస్తుంది. అంకె తగ్గుతుంటే మాటల వేగం పెరిగేది. "అందరూ బాగున్నారా, నేను బాగున్నాను, అక్కని అడిగానని చెప్పు", అంతలో అయిపోయేది.

మాస్త్రో మా కంపెనీ వ్యాను నడిపేవాడు, పాడైతే తనే బాగుచేసేవాడు. నన్ను మొదటిరోజు నుంచీ "ఇంజినీరుగారూ" అనే పిలిచాడు. అక్కడ చదువు పేరు పెట్టి పిలవడం మర్యాద. ఇరవయ్యేళ్ళు పెద్దవాడు, చేత్తో రెంచీ పట్టుకుని నన్ను గారూ అంటుంటే మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

మా ఇద్దరికీ స్నేహం కలిసింది ఉక్కు దగ్గర. ఒకరోజు క్రేన్ల నీడలో రొట్టె తింటూ, ఈ రేవు ఎలా వచ్చిందో చెప్పాడు. 1970లలో ప్రభుత్వం అక్కడ పెద్ద ఉక్కు కర్మాగారం కడతామంది. నారింజ తోటలు, ఆలివ్ తోపులు కొట్టేశారు. ఎరానోవా అనే ఊరిని ఊరినే లేపేశారు. రేవు తవ్వారు. ఉక్కు మాత్రం రాలేదు. తవ్విన రేవు ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉండి, చివరికి 1995లో కంటెయినర్ ఓడలకి పనికొచ్చింది. మధ్యధరాలో పెద్ద పెద్ద ఓడలు సరుకు మార్చుకునే చోటైంది.

నేను రొట్టె పక్కన పెట్టేశాను. మా అమ్మమ్మగారి ఊరు విశాఖ ఉక్కు కింద పోయింది. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన కర్మాగారం అది. జీడితోటలు, తాటితోపులు, రామాలయం, అన్నీ పోయాయి. మావయ్యలు భూమి పోయినవాళ్ళకిచ్చిన ఆర్ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం తిరగడం చిన్నప్పుడు చూశాను. మాకు ఊరు పోయింది, ఉక్కు వచ్చింది. వాళ్ళకి ఊరు పోయింది, ఉక్కూ రాలేదు. నాకొచ్చిన ఇటాలియన్‌తో ఇది చెప్పడానికి మధ్యాహ్నం విరామం మొత్తం పట్టింది. మాస్త్రో అంతా విని, "ఆదివారం ఏం చేస్తున్నారు?" అన్నాడు.

*

ఆయన కారు తెల్ల ఫియట్ పాండా, డబ్బాలాంటి పాత మోడలు. వెనక సీటు గుడ్డతో కట్టిన ఉయ్యాలే. సరుకు వేయాలంటే దాన్ని ఊడదీసి ఇంట్లో పెట్టి వచ్చేవాడు. అద్దం దింపే పిడి ఒకవైపు లేదు, డాష్‌బోర్డు అరలో ఒక పట్టుకారు ఉండేది, దాంతో తిప్పాలి. ఆదివారం ఎనిమిదింటికల్లా కిటికీ కింద హారను. ఆయన భార్య చర్చికి, ఆయన రోడ్డుకి.

హైవే ఎక్కేవాడు కాదు. సాలెర్నో నుంచి రెజ్జో వరకు వెళ్ళే ఆ మోటార్‌వే 1974కి పూర్తయిందని పేరేగానీ, నేనున్నన్నాళ్ళూ దానిమీద పనులు జరుగుతూనే ఉన్నాయి. ఇటలీ అంతా దానిమీద జోకులు వేసుకునేది. తర్వాతెప్పుడో పేరు మార్చి, పనైపోయిందన్నారు. మాస్త్రో దారి మాత్రం ఎప్పుడూ రొసార్నో మీదుగా నికోతేరా, అక్కడినుంచి జొప్పోలో, కొండ అంచునే కాపో వాతికానో, ఆపైన ట్రోపేయ. ఒకపక్క కొండ, ఇంకోపక్క గాలి. కొండచరియలు విరిగిపడి ఆ రోడ్డు మాటిమాటికీ మూసేవారు. మూసి ఉందని ఎర్రబోర్డు కనిపిస్తే మాస్త్రో దిగి, బోర్డుకి ఎంత దుమ్ము పట్టిందో చూసేవాడు. దుమ్ము బాగా ఉంటే దాటి వెళ్ళొచ్చని ఆయన లెక్క. నాకు ఆ లెక్కమీద నమ్మకం ఎప్పుడూ కుదరలేదు.

ప్రతి మలుపులో హారను కొట్టేవాడు. ఎదుటి మలుపు నుంచి ఇంకో హారను బదులిచ్చేది. ఎవరు ఆగాలి, ఎవరు రావాలి అనేది ఆ చప్పుళ్ళలోనే తేలిపోయేది. మధ్యాహ్నమైతే రేడియో. అప్పట్లో ఇటలీ ఫుట్‌బాల్ ఆటలు చాలావరకు ఆదివారం ఒకే వేళకి మొదలయ్యేవి. వ్యాఖ్యాతలు ఒక మైదానం నుంచి ఇంకో మైదానానికి మాట అందుకునేవాళ్ళు. మధ్యలో ఎవరో గోలు పడిందని అరుస్తూ అడ్డొస్తారు. ఊళ్ళో కార్ల తలుపులు తెరిచి, బార్ల ముందు కుర్చీలేసుకుని వినేవాళ్ళు. ఏ వీధిలో నడిచినా వ్యాఖ్యానం తెగకుండా వినబడేది. ఇప్పుడు టీవీల కోసం ఆటల్ని శుక్రవారం నుంచి సోమవారం దాకా చెదరగొట్టేశారు. ఆదివారం మధ్యాహ్నానికి ఆ చప్పుడు లేదు.

నికోతేరాలో ఒకసారి కాఫీకి ఆగాం. ఆ ఊరు పోషకాహార పరిశోధనల చరిత్రలో ఉంది. 1957లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం అక్కడి జనం ఏం తింటున్నారో, గుండె ఎలా ఉందో చూసింది. మధ్యధరా ఆహారం అని ప్రపంచమంతా చెప్పుకునే మాటకి అక్కడ చేసిన పని ఒక ఆధారం. పప్పుదినుసులు, ఆకుకూరలు, ఆలివ్ నూనె, మాంసం పండక్కి. నేను ఎక్కడో చదివినది గొప్పగా చెప్పబోతే మాస్త్రో నవ్వేశాడు. "ఇంజినీరుగారూ, మాకు మాంసం కొనే డబ్బుంటే ఆ ఫలితాలు వేరేగా వచ్చేవి." గంటికూడు, అంబలి ఇప్పుడు ఆరోగ్యమని పాకెట్లలో అమ్ముతున్నప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

*

ట్రోపేయలో కారు కిందికి దింపడు. పైన స్టేషను దగ్గర ఆపి నడక. పెద్దవీధి నేరుగా వెళ్ళి ఒక కటకటాల దగ్గర అకస్మాత్తుగా ఆగిపోతుంది, అవతల ఆకాశం. దాన్ని అఫాచ్చో అంటారు. అక్కడ ఆనుకుని నిలబడితే పాదాల కింద నీళ్ళు. ఎడమపక్క బండమీద శాంతా మరియా దెల్లిజోలా. ఒకప్పుడది నిజంగానే దీవి, తర్వాత ఇసుక మేటవేసి ఒడ్డుకి కలిసింది. దిగాలంటే రెండువందల చిల్లర మెట్లు. మాస్త్రో ఎప్పుడూ దిగలేదు. "దిగితే ఎక్కాలి" అనేవాడు.

ఆ తీరంలో పాత ఊళ్ళన్నీ గుట్టలమీదే ఎందుకున్నాయో మొదట్లో అర్థం కాలేదు. మా భీమిలి వైపు మత్స్యకారుల పల్లెలు అలలకి ఆనుకునే ఉంటాయి కదా. కలాబ్రియాలో శతాబ్దాల తరబడి సముద్రం నుంచి దోపిడీ ఓడలు వచ్చేవి, పల్లంలో మలేరియా. అందుకే జనం పైకెక్కి, కిందనున్నదాన్ని కాపలా కాశారు. ట్రోపేయలో మే 3న ఒక పండగ చేస్తారు. బయటినుంచి వచ్చి మీదపడ్డవాళ్ళ బెడద వదిలినందుకు గుర్తుగా, కర్రలతో కాగితంతో చేసిన ఒంటె బొమ్మకి టపాకాయలు చుట్టి, లోపల ఒక మనిషి దూరి ఎగురుతుంటే కాలుస్తారు. మాతా, గ్రిఫోనే అనే రెండు రాక్షసబొమ్మలు డప్పులకి చిందులేస్తూ వీధులన్నీ తిరుగుతాయి. ఆ డప్పు వింటే కాలు ఆగదు. నేను ఆడాను కూడా. ఓడరేవు వాళ్ళు సోమవారం ఎవరికీ పని చెయ్యనివ్వకుండా ఆ సంగతే చెప్పుకున్నారు.

పెద్ద చర్చి నార్మన్ల కాలంది. తలుపు పక్కన రెండు బాంబులు నిలబెట్టి ఉంటాయి. రెండో ప్రపంచయుద్ధంలో పడి పేలనివి. తమ ఊరిని మడోన్నా, అంటే మేరీమాత, కాపాడిందని కృతజ్ఞతగా ఉంచారు. మా తాతయ్య 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డప్పుడు ఊరు ఖాళీచేసి బళ్ళమీద పోవడం చెప్పేవాడు. ఆ బాంబుల్ని చేత్తో తాకి చూశాను. చల్లగా ఉన్నాయి. ఓ ముసలావిడ నన్ను చూసి, ఫర్వాలేదు తాకవచ్చు అన్నట్టు తలూపింది.

సాయంత్రం వేళ ఉత్తరపు గాలి తగిలి ఆకాశం తేటగా ఉంటే దూరంగా స్త్రోంబోలి కనిపిస్తుంది. నీళ్ళలోంచి లేచిన అగ్నిపర్వతం. వసంతంలో కొన్నాళ్ళు, మళ్ళీ వేసవి చివర కొన్నాళ్ళు పొద్దు సరిగ్గా దాని వెనకే దిగుతుంది. ఆ రోజుల్లో అఫాచ్చో దగ్గర చోటు దొరకదు. మాస్త్రో అటు వీపు పెట్టి, వీధివైపు తిరిగి నిలబడేవాడు. ఎవరి ఆపే వచ్చింది, ఎవరి దగ్గర ఉల్లి మంచిదని ఆయన చూపంతా అటే.

ఆపే అంటే మనకి తెలిసిన ఆపే ఆటోనే. పియాజ్జో కంపెనీ యుద్ధం తర్వాత 1948లో మొదలెట్టిన మూడు చక్రాల బండి. ఆ కంపెనీయే తర్వాత బారామతిలో కర్మాగారం పెట్టి మనకీ అమ్మింది. మన దగ్గర అందులో పదిమంది ఎక్కితే, అక్కడ ఉల్లిపాయలు, చేపలు, గ్యాస్ బండలు ఎక్కేవి. పైన గరాటు మైకు. "చిపొల్లా, చిపొల్లా" అని ఉల్లి పేరు పట్టుకుని సాగదీసేవాడు. మేడమీది ఆడవాళ్ళు తాడుకి బుట్ట కట్టి దింపేవారు. బుట్టలో డబ్బు, పైకి వెళ్ళేటప్పుడు ఉల్లి. తూకం మీద వాదన మేడమీదినుంచే. చివరిసారి వెళ్ళినప్పుడు తాడూ లేదు, బుట్టా లేదు. మేడలన్నీ విడిదిగదులైపోయాయి.

*

మధ్యాహ్నం భోజనానికి మాత్రం మళ్ళీ వెనక్కి, పైకి. ట్రోపేయ వెనక మోంతే పోరో అనే పీఠభూమి ఉంది. సముద్రం నుంచి ఏడొందల మీటర్ల ఎత్తుకి పోతుంది. పది కిలోమీటర్లు ఎక్కేసరికి వేరే దేశం. గొర్రెలు, గోధుమ, చలిగాలి. ట్రోపేయని పోషించేది ఆ పైనున్న భూమే. ఉప్పుగాలి తగిలే రికాది, కాపో వాతికానో చేలల్లో ఎర్ర ఉల్లి, పోరో మీద గొర్రెపాల జున్ను, స్పిలింగాలో కారం. ఫొటోల కోసం వచ్చేవాళ్ళు ఈ మాట వినరు.

ఆ ఉల్లిని పచ్చిదే తింటారు. ఘాటుండదు, కళ్ళు మండవు, నమిలితే తియ్యగా నీరు. వేసవిలో తవ్వినవాటిని ఆకులతో జడలల్లి వాకిట్లో వేలాడదీస్తారు. 2008లో యూరప్ దానికి ఊరిపేరుతో గుర్తింపు ఇచ్చింది. ట్రోపేయ పేరు పెట్టుకుని అమ్మే ఉల్లి ఎక్కువభాగం ఆ ఊళ్ళో పండదు. పండేది చుట్టుపక్కల. రేవు నుంచి ఎగుమతయ్యేది కాబట్టి ఆ పేరు పడిందని మాస్త్రో చెప్పేవాడు. పండించినవాడికి పేరు రాదన్నది ఆయన ఫిర్యాదు. మన రైతులదీ అదేకదా అనబోయి ఊరుకున్నాను. ఉల్లి జడలు అల్లుతున్న ఆడవాళ్ళ వేళ్ళు చూస్తూ మాట్లాడబుద్ధి కాలేదు.

స్పిలింగాలో న్దూయా తినిపించాడు. పంది కొవ్వులో ఎర్రటి ఎండుమిరప దండిగా కలిపి, మెత్తగా నూరి, పేగులో దట్టించి పొగబెట్టింది. రొట్టెమీద వెన్నలా రాసుకుంటారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నా మొహం చూస్తున్నారు, విదేశీవాడు ఎప్పుడు నీళ్ళడుగుతాడా అని. నేను ఇంకో ముక్క అడిగాను. ఆ తర్వాతి ఆదివారం మా ఇంటినుంచి వచ్చిన గుంటూరు కారం పొట్లం తీసుకెళ్ళాను. మాస్త్రో స్ట్రుంకతూరా అనే ముతక నల్లపాస్తాలో, ఉప్పుచేప, వెల్లుల్లి, వేయించిన రొట్టెపొడి వేసి, పైన ఆ కారం చల్లాడు. ఒకప్పుడు మిల్లు నేలమీద ఊడ్చిన పిండితో చేసేవారట ఆ పాస్తా, బీదవాళ్ళు దొంగచాటుగా కొనుక్కునేవారట. ఇప్పుడు హోటళ్ళలో ఖరీదు. తిని, చెమట తుడుచుకుని, "ఇది మా మిరపకి పెద్దక్క" అన్నాడు. మిరప అమెరికా నుంచి స్పెయిన్ వాళ్ళ ఓడల్లో వాళ్ళకి, పోర్చుగీసు ఓడల్లో మనకి వచ్చింది. రెండు చోట్లా వచ్చినదాన్ని వదల్లేదు.

పీఠభూమి మీదే జుంగ్రి అనే ఊరి పక్కన ఇసుకరాతి వాలులో తొలిచిన ఇళ్ళున్నాయి. గదులు, మెట్లు, నీటి కాలువలు, ధాన్యం గుంటలు. ఎవరో వందలేళ్ళ కిందట తొలుచుకుని ఉండి, వదిలేసి వెళ్ళారు. అక్కడ మాస్త్రో ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఒక గడపలో కూర్చుని సిగరెట్టు కాల్చుకునేవాడు. ఒకసారి మాత్రం, "వీళ్ళ ఊరికి గుంటలైనా మిగిలాయి, మా ఊరి మీద రేవు తేలింది" అన్నాడు.

*

అదే తీరంలోని పిత్సో అనే ఊరికి వెళ్తే రెండే పనులు. కోట చూడటం, ఐస్‌క్రీం తినడం. నెపోలియన్ చెల్లెలి భర్త, నేపుల్స్‌కి రాజుగా ఉన్న మ్యూరా అనే ఆయన్ని 1815 అక్టోబరు 13న ఆ కోటలోనే కాల్చేశారు. రాజ్యం మళ్ళీ దక్కించుకుందామని కాస్త మందితో దిగాడు, ఊరివాళ్ళే పట్టుకున్నారు. మాస్త్రోకి ఆయనంటే జాలి లేదు. ఐస్‌క్రీం దగ్గర మాత్రం మెత్తబడేవాడు. తార్తూఫో అంటారు, అరచేతిలో హేజల్‌నట్ ఐస్‌క్రీం పెట్టి, మధ్యలో కరిగిన చాక్లెట్ పోసి గుండ్రంగా చుట్టి, కోకో పొడిలో దొర్లిస్తారు. రెండోది తినాలని ప్రతిసారీ అనుకుని, ప్రతిసారీ ఓడిపోయేవాళ్ళం.

షిల్లా ఇంకో దిక్కు, మెస్సీనా జలసంధి వైపు. కత్తిచేపల వేట చూద్దామని వెళ్ళాం. పడవ నడుమ ఆకాశానికి నిచ్చెనలా స్తంభం, దాని కొనన కూర్చున్నవాడే చేపని కనిపెట్టి, అక్కడినుంచే పడవ నడుపుతాడు. ముక్కు నుంచి పడవ కంటే పొడుగైన వంతెన ముందుకు చాచి, దాని చివర బల్లెం పట్టుకుని ఇంకొకడు. ఇంజన్లు రాకముందు కొండకొమ్ము మీద నిలబడ్డవాడు చేపజాడ చూసి కింద తెడ్డేసేవాళ్ళకి కేకలు వేసేవాడట. ఇప్పుడు ఆ కేక ఎవరికీ రాదని అక్కడి ముసలాయన చెప్పి, మా కోసం ఒకసారి అరిచి చూపించాడు. మా భీమిలి తెప్పలవాళ్ళు విని ఉంటే మెచ్చుకునేవాళ్ళు.

*

చాలా ఏళ్ళ తర్వాత మా ఆవిడనీ, అమ్మాయినీ తీసుకెళ్ళాను. అద్దెకారు, ఫోనులో దారి చెప్పే గొంతు. అది ప్రతి మలుపుకీ మోటార్‌వే వైపు లాగేది. మాస్త్రోకి మోకాళ్ళు పాడై, ముందు సీట్లో కూర్చున్నాడు. ఆ గొంతు ఎడమకి తిరగమంటే ఆయన కుడికి అంటాడు. కాసేపటికి మా అమ్మాయి ఫోను ఆపేసింది. ట్రోపేయలో ఉల్లి ఆకారంలో సబ్బులు, ఫ్రిజ్ అయస్కాంతాలు, ఉల్లి ఐస్‌క్రీం కూడా అమ్ముతున్నారు. ఇటలీలో అందమైన పల్లెల పోటీలో 2021లో ఆ ఊరే గెలిచిందట, రద్దీ ఇంకా పెరిగిందని మాస్త్రో కొడుకు చెప్పాడు. మా అమ్మాయి అఫాచ్చో దగ్గర ఫొటోలు తీసుకుంటుంటే మాస్త్రో అటు వీపు పెట్టి బల్లమీద కూర్చున్నాడు. తర్వాత, "అమ్మాయికి పోరో చూపించావా?" అని అడిగాడు. ఈసారి నన్ను గారూ అనలేదు. అక్కడికి వెళ్ళాకే భోజనం చేశాం. మా ఆవిడ గొర్రెజున్ను నాలుగు ముక్కలు తిని, ఇంక చాలు అంది. మాస్త్రో ఐదోది కోశాడు.

అప్పుడే ఒక కాగితం పొట్లంలో నల్లటి గింజలు నా చేతిలో పెట్టాడు. మా అక్కని కర్నూలు వైపు ఇచ్చారు. బావకి ఉల్లి వ్యవసాయం తరతరాలది, మార్కెట్ యార్డులో కాటా ముందు నిలబడి ధరకోసం తిట్టుకోవడమూ తరతరాలదే. గింజలు ఇచ్చి, తియ్యటి ఉల్లి అని చెప్పాను. బావ నమ్మనట్టే చూశాడు. మడి ఒక మూల పోశాడు. మొలకలొచ్చాయి, నారు నాటాడు, ఆకు మోకాలెత్తు పెరిగింది. గడ్డ కట్టలేదు. వ్యవసాయాఫీసులో అడిగితే విషయం తెలిసింది. ఉల్లి గడ్డ కట్టాలంటే పగలు తగినంత పొడుగ్గా ఉండాలి. వాళ్ళ వేసవి పగలు పదిహేను గంటల దగ్గరికి పోతుంది, మన దగ్గర పదమూడు దగ్గరే ఆగిపోతుంది. ఆ రకానికి మన పగలు చాలదు.

అక్క ఆ ఆకులు కోసి పప్పులో వేసింది. బావ తిని, ఫోను చేసి, "ఏమప్పా, మీ ఇటలీవాడి ఉల్లిగడ్డ పొద్దంతా ఎండలో పడుకుంటే తప్ప ఊరదంట గదా. మాకాడ పొద్దునే లేపి పని చెప్తామని తెలిసిపోయినట్టుంది దానికి" అన్నాడు. మాస్త్రోకి ఇది తర్జుమా చేసి చెప్తే అటునుంచి ఎంతసేపటికీ నవ్వు ఆగలేదు. తర్వాత దగ్గు తెర తగ్గాక, ఆకు పచ్చడి చేస్తారా అని అడిగాడు, ఎలా చేస్తారో రాసి పంపమన్నాడు. రాసి పంపాను, గుంటూరు కారం ఎంత వెయ్యాలో కింద గీత గీసి మరీ.